గర్భిణీరక్షణ యెవరి భారము?



వ్యాధి వచ్చిన పిమ్మట వైద్యుని వెదకుట లోకసహజము. జ్వరపడినవాడు అప్పు చేసియైనను మందు కొనును. కాని వ్యాధి రాకుండుటకై ముందుగా రూకలు వెచ్చించువాడు నూటికొక్కడు కానరాడు. ఇందుకు లోభము కారణము కాదు. రాని జబ్బు కంటికి కనబడదు. కనబడనిదానికి వెల కట్టుట యెవరికిని చేతకాదు. కావుననే గర్భవతులకును పసిబిడ్డలకును ముందుగా జరుగవలసిన రక్షణ యెవరి ఖర్చున జరుగవలెనను ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్న మన దేశమున ఎట్లు పుట్టినదో, దానికి దొరికిన సమాధానమేమో, ఒక చిన్న మాత్ర చరిత్రమును ఆధారముగా గొని నేడు మనవి చేయదలచితిని. ఆ మాత్ర మీరెరుగనిది కాదు. ఆరోగ్యకార్యకర్తలు గర్భవతులకు వెల లేక యిచ్చుచున్న ఎఱ్ఱని మాత్రయే అది. అందు రెండు పదార్థములు కలవు: ఒకటి ఇనుము, రెండవది ఫోలిక్ ఆమ్లము.

ఈ కథ 1928వ సంవత్సరమున బొంబాయి నగరమున ఆరంభమగుచున్నది. ఆ నగరపు నూలుమిల్లులలో వేలకొలది స్త్రీలు పనిచేయుచుండిరి. వారిలో గర్భవతులైనవారికి తఱచుగా ఘోరమైన రక్తహీనత కలుగుచుండెను. దేహము పాలిపోవును; నాలుక పుండగును; నాలుగడుగులు వేసినంతనే ఆయాసము వచ్చును. ప్రసవమునాటికి తల్లి దక్కినను బిడ్డ దక్కకపోవుట, బిడ్డ దక్కినను తల్లి దక్కకపోవుట కలదు. ప్రసవసమయమున తల్లులు మరణించుటకు గల కారణములను విచారించుటకై అప్పుడొక పరిశోధన యేర్పడెను. అందు పాల్గొనుటకు ఇంగ్లండునుండి లూసీ విల్స్ అను వైద్యురాలు వచ్చి, హాఫ్‌కిన్ సంస్థలో పని ప్రారంభించెను.

ఈ జబ్బునకు సూక్ష్మజీవులు కారణమేమోయని ఆమె మొదట శోధించెను. ఆ దారిని ఫలితము కానరాలేదు. పిమ్మట ఆ స్త్రీలు తిను తిండిని పరీక్షించెను. కూరలు, పండ్లు, పాలు మిక్కిలి తక్కువగా నున్నవారికే ఈ రోగము హెచ్చుగా వచ్చుచున్నట్లు తోచెను. కొంతకాలము మన చెన్నరాజధానిలోని కూనూరు పాస్టరు సంస్థలోను ఆమె ఈ విచారణ సాగించెను. అట్టి తిండినే ఎలుకలకును కోతులకును పెట్టి చూచెను. చివరకు ఈస్టు అను పులియజేయు పదార్థమునుండి తీసిన చవుక సారము నిచ్చినచో రోగము నయమగుచున్నదని కనుగొని, 1931లో లోకమునకు వెల్లడించెను. ఆ సారమున నున్న గుణకారి పదార్థమేదో ఆనాటికి ఎవరికిని తెలియదు. కావున దానిని విల్స్ పదార్థమనియే కొంతకాలము వ్యవహరించిరి.

ఆ 1928వ సంవత్సరముననే, ఆ బొంబాయి నగరముననే, మఱియొక చర్చ జరిగెను. ప్రసవమునకు ముందును వెనుకను మిల్లు స్త్రీలకు సెలవును, ఆ దినములకు కొంత భత్యమును ఇప్పించు చట్టమొకటి శాసనసభ ముందునకు వచ్చెను. దానిని బలపఱచిన సభ్యులలో డాక్టరు భీమరావు రాంజీ అంబేడ్కరుగారొకరు. ప్రసవమునకు ముందు తల్లికి విశ్రాంతి దొరకుట జాతికంతకును మేలని ఆయన వాదించిరి. అంతటితో ఆగక, ప్రజల క్షేమమును కాపాడుట ప్రభుత్వధర్మము గావున ఈ ఖర్చులో అధికభాగమును ప్రభుత్వమే భరించుట న్యాయమని స్పష్టముగా చెప్పిరి. చట్టము 1929లో అమలు పుట్టెను. చెన్నరాజధానిలో నట్టి చట్టము 1934లో వచ్చెను. కాని భారము మిల్లు యజమానులపైననే పడెను. దాని ఫలితము మీరూహింపవచ్చును. మిల్లు పుస్తకమున పేరున్న స్త్రీకి భత్యము దొరకెను. మన పల్లెలలో నాట్లు వేయు స్త్రీకి, కలుపు తీయు స్త్రీకి యే పుస్తకమునను పేరు లేదు. నేడొక చేనికి, రేపొక చేనికి పోవు కూలిదాని గర్భమునకు యజమాని యెవడు?

ఒక యింట వైద్యురాలు మందును వెదకుచుండగా, ఒక సభలో ప్రజాప్రతినిధి ఆ మందునకు సొమ్మిచ్చువారిని వెదకుచుండెను. ఈ రెండు వెదకులాటలును కలిసికొనుటకు నలువది యేండ్లు పట్టెను.

మందు కథ ముందుగా ముగింతము. 1941లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి లేశమాత్రముగా ఒక పదార్థమును వేఱుచేసిరి. ఆకునుండి వచ్చినది గావున లాటిను భాషలో ఆకు అను అర్థము గల మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. విల్స్ వెదకిన పదార్థమిదియే. అయినను బండ్లకొలది ఆకుకూరనుండి చిటికెడు మందు తీసినచో దేశమునకు చాలునా? దానిని కర్మాగారమున తయారుచేయు మార్గము కావలసియుండెను. ఆ మార్గమును 1945లో సాధించిన బృందమునకు నాయకుడు మన తెలుగుబిడ్డ, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. చెన్నపట్టణమున వైద్యము చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయిరి. యౌవనముననే ఆయన కుటుంబమున స్ప్రూ అను వ్యాధి ప్రవేశించి సోదరుని బలిగొనెను. తిన్న యన్నము ఒంటబట్టక, విరేచనములతో మనిషిని కృశింపజేయు వ్యాధి యది. ఆ స్ప్రూను కుదుర్చు మందులలో ఫోలిక్ ఆమ్లమొకటి. అన్నను కాపాడలేని మందు తమ్ముని చేతిమీదుగా లోకమునకు వచ్చినది. ఆయన 1948లో పరదేశముననే కన్నుమూసిరి. భీమవరమునకు దూరముగా నున్న గ్రామములలో సైతము గర్భవతి మ్రింగు ప్రతి మాత్రలోను ఆయన పరిశ్రమ కలదని మనము మఱువరాదు.

ఇక సొమ్ము కథ. 1943లో భారతప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్యవిచారణసంఘము నొకదానిని నియమించెను. 1946లో నివేదిక వెలువడెను. దానిలోని అంకెలు చదివినవారికి నేటికిని గుండె దిగులు పుట్టును. 1937లో బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది యేడాది నిండకమునుపే మరణించిరి. ప్రసవసంబంధమైన కారణములచే యేటేట రెండులక్షల మంది తల్లులు మరణించుచున్నారని అంచనా. సొమ్ము లేదను కారణముచే యెవరికిని వైద్యసహాయము అందకపోరాదనియు, రోగమును కుదుర్చుటయు రోగమును నివారించుటయు ఒకే చేతిపనిగా సాగవలెననియు ఆ సంఘము సిద్ధాంతీకరించెను. 1952 మొదలు గ్రామసీమలలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు ఈ భావముననుసరించియే వెలసెను.

1970లో ఈ రెండు కథలును కలిసెను. గర్భవతులకును, బాలింతలకును, చిన్నపిల్లలకును ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను వెల లేక పంచు పథకమును భారతప్రభుత్వము ఆరంభించెను. గర్భవతికి దినమున కొక మాత్ర, నూరు దినములు. మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లము అర మిల్లీగ్రాము. బొంబాయి మిల్లు స్త్రీకి దొరకనిది పల్లెకూలికి సైతము ప్రజాధనముచే దొరకు కాలము వచ్చెను. అదే సంవత్సరమున, కన్నులు పోకుండుటకై చిన్నపిల్లలకు ఆఱునెలల కొకసారి విటమిను ఏ ద్రావకము పోయు పథకమును మొదలయ్యెను. దీనికి ఆధారమైన పరిశోధన మన హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థది. 1918లో కూనూరున చిన్న విచారణగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ యది. పిమ్మట 1975లో అంగన్వాడీలకు మూలమైన శిశువికాసపథకమును, 1985లో సార్వత్రిక టీకాల పథకమును వచ్చెను.

ఈ పథకములవలన ఫలమేమి యని మీరడుగవచ్చును. భోర్ సంఘమువారు వేయికి 162 అని వ్రాసిన శిశుమరణములు 2020 నాటికి దేశమున వేయికి 28కి దిగెను. తల్లికిని బిడ్డకును ప్రాణాంతకమైన ధనుర్వాతము గర్భవతులకు సూది వేయుటచేతను, శుచియైన ప్రసవములచేతను అణగిపోయెను. 2015లో భారతదేశమున దాని నిర్మూలనము ధ్రువపడెను. ఇదంతయు మాత్రల మహిమయే యని నేననను. మంచి నీరు, చదువు, తిండి, ఆసుపత్రి ప్రసవములు అన్నియు కలిసి చేసిన పని యిది. కాని వీనిలో నేదియు గృహస్థు ఒంటరిగా సాధించినది కాదు.

మీకు తెలిసిన యుపమానమే చెప్పెదను. చెఱువుకట్టను వానలకు ముందే బాగుచేయవలెను. కట్ట తెగిన పిమ్మట తన పొలము మునిగెనని యేడ్చువారు అనేకులుందురు. తెగకమునుపు తన సొంత ఖర్చున కట్టనంతను పోయువాడు ఒక్కడు నుండడు. అందుచేతనే మన పూర్వులు ఆ పనిని ఊరుమ్మడి పనిగా నుంచి, ఇంటికింత మనిషిని పంపి చేయించుకొనిరి. గర్భిణీరక్షణయు చెఱువుకట్ట వంటిదే. కట్ట తెగినచో నష్టము ఒక యింటితో పోదు. తల్లి లేని బిడ్డలు ఊరంతటి బాధ్యత యగుదురు. కావున ఖర్చు అందఱిదిగా నుండుట ధర్మము.

అయితే పెద్దలారా, ఖర్చు సర్కారుదైనంతమాత్రమున పని ముగియలేదు. 2018 మొదలు గర్భకాలమున 180 దినములు, ప్రసవానంతరమున 180 దినములు మాత్ర మ్రింగవలెనని నియమము కలదు. అయినను 2019–21 నడుమ జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భవతులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. అంతకు ముందు 2015–16లో అది నూటికి 50. నూఱు దినములైనను మాత్ర మ్రింగినవారు నూటికి 44 మంది. 180 దినములు మ్రింగినవారు 26 మంది మాత్రమే. సర్కారు సొమ్ముతో కొన్న మాత్ర గూటిలోని డబ్బాలో నిలిచిపోవుచున్నదని దీని భావము.

కొన్నియెడల మాత్రలు సకాలమున గ్రామము చేరవు. ఆ లోపమును అడిగి సరిచేయించుట పంచాయతీ పెద్దల పని. కొన్నియెడల మాత్రలు చేరును, నోటికి పోవు. మాత్ర మ్రింగినచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగుననియు, బిడ్డ నల్లగా పుట్టుననియు ఇండ్లలో పెద్దవారు చెప్పుకొనుట నేను వినియున్నాను. ఇవి రెండును నిజములు కావు. విరేచనము నల్లబడుట మాత్రము నిజము. అది ఇనుము రంగేకాని కీడు కాదు. వికారము తోచినవారు రాత్రి భోజనానంతరము మ్రింగిన కొంత సుళువుగా నుండును. కాఫీ, తేనీరులతో కలిపి మ్రింగరాదు. నిమ్మరసము, ఉసిరి వంటి పులుపు ఇనుమును ఒంటబట్టించును. సున్నపు మాత్రను దీనితో కలుపక వేఱు వేళ నియ్యవలెను.

మఱియొక విషయము. గర్భము ధరించిన మొదటి నెలలోపలనే బిడ్డ వెన్నెముకకును మెదడునకును పునాది పడును. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము చాలినంత యున్నచో పుట్టుకతో వచ్చు కొన్ని ఘోరమైన లోపములు తగ్గునని 1991లో ఒక గొప్ప పరిశోధన నిరూపించెను. అప్పటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. కావున రక్షణ సీమంతమునాడు మొదలుపెట్టవలసినది కాదు. బడికి పోవు ఆడపిల్లలకు వారమునకొకటి చొప్పున నీలిరంగు మాత్ర నిచ్చుట రక్తహీనతను ముందే అడ్డుకొనుటకు. క్రొత్తకోడలు ఇంట అడుగిడిననాడే ఆరోగ్యకార్యకర్త సలహా గొని ఫోలిక్ ఆమ్లము మొదలిడుట పుట్టబోవు బిడ్డకు.

మన యిండ్లలో కోడలు తినునది, త్రాగునది, ఆసుపత్రికి పోవునది మానునది పెద్దల మాటపై నడచుట మీరెరుగుదురు. విల్స్ వెదకినది, సుబ్బారావుగారు సాధించినది, శాసనసభలలో వాదించి ఖజానానుండి రాబట్టినది, అంతయు నొక మాత్రయై మీ గడపవఱకు వచ్చినది. గడప దాటించుట ఖజానా వలన కాదు. అది మీ మాటవలననే కావలయును. మీ ఊర నేడు గర్భవతులెందఱో లెక్కించి, వారిలో మాత్ర మ్రింగువారెందఱో ఈ వారముననే విచారింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.