హుక్కా కుండకు వెండి పూలతీగ

1604 ప్రాంతంలో అక్బరు తరఫున బిజాపూరు వెళ్లిన అసద్ బేగ్ తిరిగొస్తూ పొగాకునూ, రత్నాలు పొదిగిన పొగగొట్టాన్నీ పాదుషాకు కానుకగా తెచ్చాడు. హకీం వద్దంటున్నా అక్బరు ఒకటి రెండు దమ్ములు లాగాడు. దక్కను నుంచి వెళ్లిన ఆ అలవాటు చూస్తుండగానే ఉత్తరాదికి పాకింది. పొగను నీళ్లలోంచి లాగే హుక్కాకు అడుగున ఒక కుండ కావాలి. నలుగురి మధ్యా ఉండే వస్తువు, బోడిగా ఉంటే ఏం బాగుంటుంది? బీదరు పనివాళ్ల చేతికి అలా పని దొరికింది.

17వ శతాబ్దపు కుండలు గుండ్రటివి, చుట్టకుదురు లేకపోతే దొర్లిపోతాయి. 18వ శతాబ్దానికి అడుగు వెడల్పై, గంట ఆకారం వచ్చింది. ఇక కుదురుతో పని లేదు.

బీదరు పనివాళ్లు చేసే ఈ బిద్రీ పనిలో వెండి పైకి కనిపిస్తుంది గాని, అసలు సరుకు జింకు. అందులో కొద్దిగా రాగి కలిపి మట్టి అచ్చులో పోత పోస్తారు. తీసి అరగదీసిన వస్తువు బూడిదరంగులో ఉంటుంది. దాని మీద మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లబరుస్తారు, గీత కనబడాలి కదా. ఉలితో పూలూ తీగలూ చెక్కి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో దిగగొడతారు. తీగతో చేస్తే తార్‌కషీ, రేకుతో చేస్తే తెహ్‌నిషాన్.

ఆ తర్వాతే అసలు తమాషా. బీదరు కోటలో ఏళ్లుగా ఎండా వానా తగలని చోటి మట్టిని నవాసాగరంతో కలిపి నీళ్లలో కాచి, వస్తువుకు పట్టిస్తారు. జింకు కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం చెక్కుచెదరదు. పనికొచ్చే మట్టో కాదో పాతకాపులు నాలుక మీద వేసుకుని చెబుతారు. చివర నూనె రుద్దితే నలుపు నిగనిగలాడుతుంది.

పాన్‌దాన్లు, చేతులు కడిగే పళ్లాలు, తివాచీ ఎగరకుండా మూలల్లో పెట్టే బరువులు, అన్నీ ఈ పనితో వచ్చాయి. తమ్మపడిగ సంగతి మరీ విచిత్రం. తాంబూలం నమిలి ఉమ్మేసే పాత్రకూ పూలతీగ చెక్కారు! ఆనాటి మర్యాద అలాంటిది. 1851 లండన్ మహాప్రదర్శనకూ బిద్రీ వెళ్లింది.

హుక్కా పోయి సిగరెట్టు వచ్చాక పనివాళ్లు సిగరెట్ పెట్టెలకూ, యాష్‌ట్రేలకూ, పూలకుండీలకూ మళ్లారు. హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరు 1956లో మైసూరు రాష్ట్రంలో (నేటి కర్ణాటకలో) చేరినా, హైదరాబాదు పాతబస్తీలో ఈ విద్య ఆగలేదు. పాత సరుకు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. 2023లో బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అదే ఉలి పెన్‌డ్రైవ్ డొప్పల మీదా నడుస్తోంది.