జవాబుల గోడ

అమెరికాలోని బోస్టన్ కాలేజీ విద్యార్థులు పేరు చెప్పకుండా ప్రశ్నలు అడిగే గ్రంథాలయ బోర్డును జవాబుల గోడ అంటారు. పేరుకు గోడే గానీ, ఉన్నది రెండడుగులు, మూడడుగుల కొలతల తెల్లబోర్డు. ఓనీల్ గ్రంథాలయం ముందు హాల్లో ఉంటుంది. అడగదలచుకున్నవాళ్లు చీటీ రాసి దానికి అంటించి తమ దారిన వెళ్లిపోతారు. ఆ తర్వాత జవాబు వస్తుంది. అడిగిందెవరో, జవాబు రాసిందెవరో ఎవరికీ తెలియదు. మాట్లాడేది గోడే మరి. 2010ల దశకం రెండో సగంలో క్యాంపస్‌లో పేరు తెచ్చుకున్న ఈ ఏర్పాటు పైకి తమాషాగా కనిపిస్తుంది. దీని వెనుక మాత్రం మూడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

బోస్టన్ కాలేజీ 1863లో జెస్యూట్ గురువులు స్థాపించిన విద్యాసంస్థ. ఇప్పుడది పూర్తిస్థాయి విశ్వవిద్యాలయమే అయినా పాత పేరు మార్చుకోలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని చెస్ట్‌నట్ హిల్‌లో ఉంది. 1984లో తెరిచిన గ్రంథాలయానికి అక్కడే 1936లో పట్టా పుచ్చుకున్న థామస్ ఓనీల్ పేరు పెట్టారు. ఆయన 1977 నుంచి 1987 దాకా అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్.

గోడ తనను తాను పరిచయం చేసుకున్న తీరు తెలుగు పాఠకులకు సరదాగా ఉంటుంది. తనకు ఒకటికి మించిన రూపాలున్నాయని చెబుతూ అపోలో, సెరాపిస్ అనే ప్రాచీన దేవుళ్లతో పాటు సరస్వతిని కూడా తోడు తెచ్చుకుంది. కొందరు మనుషులు తనకు సహాయకులట. చీటీలను ఫొటో తీసి తనకు చేరవేయడం వాళ్ల పని. మర్యాద తప్పకుండా అడిగితే ఏ ప్రశ్నకైనా జవాబిస్తానని మాట ఇచ్చింది. తాను గ్రంథాలయపు గోడ కాబట్టి జవాబులు తరచూ గ్రంథాలయంలోని వనరుల వైపే దారి చూపుతాయని ముందే హెచ్చరించింది కూడా.

ఆ చివరి మాటలోనే అసలు కిటుకు ఉంది. ప్రేమ, పరీక్షలు, స్నేహాల్లో పొరపొచ్చాలు, చదువయ్యాక ఏం చేయాలన్న దిగులు, ఇవన్నీ చీటీలెక్కుతాయి. ఆటపట్టించడానికే రాసినవీ ఉంటాయి. గోడకు చేతుల్లేవు, గుండె లేదు, ఎవరినీ ప్రేమించిన అనుభవమూ లేదు. ఆ లోటుతోనే హాస్యం పుట్టిస్తుంది. నవ్వించాక చెప్పాల్సింది చెబుతుంది: ఈ విషయం మీద ఫలానా పుస్తకం ఉంది, ఫలానా చోట దొరుకుతుంది అని. నిజానికిది రిఫరెన్స్ లైబ్రేరియన్ రోజూ చేసే పనే. కాకపోతే అడిగేవాళ్లకు మొహం చూపించాల్సిన ఇబ్బంది లేదు.

పేరు లేని ప్రశ్నకు అచ్చులో జవాబివ్వడం లండన్‌లో 1691లో మొదలైంది. జాన్ డంటన్ అనే పుస్తక ప్రచురణకర్త ‘ఎథీనియన్ మెర్క్యురీ’ పత్రికను ఆ ఏడాది తెచ్చాడు. పాఠకులు తమ ప్రశ్నలను ఒక కాఫీ హౌస్‌కు పంపేవారు. ప్రకృతి శాస్త్రం, మతం, పెళ్లి, ప్రేమ, దేన్ని గురించైనా అడగవచ్చు. జవాబిచ్చేది పెద్ద పండిత సంఘమని డంటన్ ప్రచారం చేసుకున్నాడు. వాస్తవానికి ఆయన, గణిత పండితుడు రిచర్డ్ సాల్ట్, తోడల్లుడి వరసైన మతగురువు శామ్యూల్ వెస్లీ కలిసి బండి లాగారు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీకి ఈ శామ్యూల్ తండ్రి. అడిగేవాళ్ల పేరు దాచడమే కాదు, చెప్పేవాళ్లకు ముసుగు వేయడం కూడా ఆనాటి నుంచే ఉందన్నమాట. పత్రిక 1697 దాకా నడిచింది.

గ్రంథాలయం ఈ పనిలోకి దిగడానికి మరో రెండు శతాబ్దాల దాకా పట్టింది. పాఠకుడి దగ్గరికి లైబ్రేరియనే వెళ్లి పలకరించాలని, అడిగినదానికి విసుక్కోకుండా సాయపడాలని 1876లో లైబ్రేరియన్ శామ్యూల్ స్వెట్ గ్రీన్ ఒక వ్యాసంలో వాదించాడు. ఆయన పనిచేసిన వూస్టర్ నగరం కూడా మసాచుసెట్స్‌లోదే. రిఫరెన్స్ సేవకు మొదటి ప్రకటనగా ఆ వ్యాసాన్ని చెప్పుకుంటారు. 1939లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఆమోదించిన నియమావళి ఇంకో అడుగు వేసి, పాఠకుల ద్వారా తెలిసిన సొంత విషయాలను గుట్టుగా ఉంచడం లైబ్రేరియన్ బాధ్యత అంది.

అలా భరోసా దొరికాక జనం ఏమేం అడిగారో చెప్పే సాక్ష్యం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో దొరికింది. 1940ల నుంచి 1980ల దాకా వచ్చిన విచిత్రమైన ప్రశ్నల కార్డులు ఒక పెట్టెలో బయటపడ్డాయి. వాటిలో కొన్ని ఇప్పటి సిబ్బంది జవాబులతో 2019లో పుస్తకంగా వచ్చాయి. 1945 నాటి కార్డులో ఒకరు విడాకుల కోసం రీనో నగరానికి ఒంటరిగా వెళ్లడం మర్యాదేనా అని అడిగారు. విడాకులు తొందరగా దొరికే ఊరిగా రీనోకు అప్పట్లో పేరుంది. 1976లో ఇంకొకరికి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు చిత్రాల్లో అన్ని ఉడతలెందుకున్నాయో, చిత్రకారుణ్ణి కరవకుండా వాటిని ఎలా మచ్చిక చేశారో తెలుసుకోవాలనిపించింది. మొదటిది సలహా కోసం అడిగింది, రెండోది సమాచారం కోసం. లైబ్రేరియన్ బల్ల దగ్గర ఈ రెంటికీ మధ్య గీత ఏనాడూ గట్టిగా లేదు.

విశ్వవిద్యాలయాల్లో జవాబుల గోడకు అన్నల్లాంటివి రెండున్నాయి. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో డీన్ జేమ్స్ ఫాయ్ 1953లో సమాచార బల్ల ఒకటి పెట్టించాడు. ఫోన్ చేసి ఏమడిగినా అక్కడున్న విద్యార్థులు పుస్తకాలు తిరగేసి చెప్పేవారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1986లో ‘డియర్ అంకుల్ ఎజ్రా’ మొదలైంది. విద్యార్థులు కంప్యూటర్ టెర్మినల్ మీద పేరు లేకుండా ప్రశ్న రాస్తే, జవాబు అందరికీ కనిపించేది. 1874లోనే కన్నుమూసిన స్థాపకుడు ఎజ్రా కార్నెల్‌ను బాబాయిని చేసి ఆయన పేరుతో రాశారు. పోయిన పెద్దమనిషి, మాట్లాడే గోడ, రెండూ ఒకే ఎత్తుగడ: సలహా ఇచ్చేది ఎదురుపడే మనిషి కాదు కాబట్టి సిగ్గుపడనక్కర్లేదు.

ఆ సిగ్గు ఎంత పెద్దదో అదే 1986లో కాన్‌స్టెన్స్ మెలన్ అనే పరిశోధకురాలు చూపించింది. రెండేళ్లపాటు సుమారు 6,000 మంది విద్యార్థుల అనుభవాలను పరిశీలిస్తే, 75 నుంచి 85 శాతం మంది గ్రంథాలయంతో తమ తొలి పరిచయాన్ని భయంతో ముడిపెట్టి రాశారు. తక్కినవాళ్లకు అన్నీ తెలుసు, తమకే తెలియదు, అడిగితే ఆ సంగతి బయటపడుతుంది అన్నది వాళ్ల బెంగ. గోడ మీద చీటీలు పదిమందికీ కనపడతాయి. తన సందేహమే మరొకరికీ ఉందని చదివినవాడికి ఆ బెంగ సగం తీరుతుంది. జవాబును కవర్లో పెట్టి పంపితే ఈ మేలు జరగదు.

అడిగినవాళ్లకు ఓపికగా జవాబిచ్చే ఈ మర్యాద తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత తీసుకున్న ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో పాఠకుడి కాలాన్ని ఆదా చేయమన్నాడు. ఇక పత్రికల్లో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికతో దశాబ్దాలపాటు ఇంటి గొడవల నుంచి లోకజ్ఞానం దాకా పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చింది. ఆమె సలహాకు విలువ వచ్చింది విస్తారమైన చదువు వల్ల. గోడకూ అంతే.

ఈ పద్ధతికి హద్దులూ లేకపోలేదు. చీటీ రాసినవాణ్ణి గోడ తిరిగి ప్రశ్నించలేదు. రిఫరెన్స్ బల్ల దగ్గర మొదట అడిగింది ఒకటి, కావలసింది ఇంకొకటి కావడం మామూలే. అది తేలాలంటే నాలుగు మాటలు సాగాలి. నిజంగా ఆపదలో ఉన్నవాళ్లకు హాస్యం చాలదు, కౌన్సెలర్ కావాలి. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ నవ్వు మానాలో తెలిసిన మనిషి వెనకాల లేకపోతే ఇలాంటి బోర్డు నెలలోనే వెకిలి రాతలతో నిండిపోతుంది. కాబట్టి దీన్ని అనుకరించాలనుకునే గ్రంథాలయం బోర్డు కన్నా ముందు ఆ మనిషిని వెతుక్కోవాలి. జవాబు త్వరగా కావాలనుకుంటే, మనిషితో మాట్లాడటానికి అభ్యంతరం లేకపోతే, లైబ్రేరియన్ దగ్గరికే వెళ్లమని బోస్టన్ కాలేజీ గోడ కూడా చెబుతుంది.