సున్నపురాయి సీమలో సిమెంటు రోడ్డు: నడిచే హక్కు నుంచి నిలిచే దారి దాకా

కడప జిల్లాలో రోడ్ల చరిత్ర అనగానే కలెక్టర్లు, ఇంజనీర్లు, శంకుస్థాపన శిలాఫలకాలు గుర్తుకొస్తాయి. రాయి కొట్టినవాళ్లు, తట్ట మోసినవాళ్లు, ఆ దారిన చెప్పులేసుకొని నడవడానికి తరతరాలు తగువు పడినవాళ్లు ఆ చరిత్రలో కనపడరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సిమెంటు రోడ్డును ఆ కింది వైపు నుంచి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మాలపల్లెకూ మాదిగపల్లెకూ రోడ్డు పడింది గదా, ఇంకేం కావాలని అడిగేవాళ్లున్నారు. ఏం పడింది, ఎట్లా పడింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నవి కూడా చరిత్ర ప్రశ్నలే.

కరువు కూలి, కంకర బాట

1876-78 ధాత కరువు దత్తమండలాలను ఊడ్చేసింది. సర్కారు కరువు పనులు పెట్టింది. చెరువు కట్టలు, కాలువలతో పాటు కంకర బాటలు ఆ పనుల్లో ముఖ్యమైనవి. 1877లో రిచర్డ్ టెంపుల్ వచ్చి మగ కూలీకి రోజుకు ఒక పౌండు గింజలు, పైన ఒక అణా చాలునన్నాడు. పౌండంటే అర కిలో కూడా కాదు. పస్తులున్న ఒంటితో రాయి కొట్టినవాళ్లలో భూమిలేని మాల మాదిగలు, రాతిపని కులవృత్తిగా ఉన్న ఒడ్డెలు ముందు వరుసలో ఉన్నారు. సీమ పాత బాటల అడుగున ఆ ఆకలి ఉంది.

బాట వేసినవానికి ఆ బాట మీద హక్కు రాలేదు. ఊళ్లోకి వస్తే చెప్పులు చేతబట్టుకోవాలి, పెద్దకులపోడు ఎదురొస్తే పక్కకు తొలగాలి. అంటరానితనం నీటి దగ్గరా గుడి దగ్గరా మాత్రమే కాదు, దారి మీద కూడా రోజూ అమలయింది. 1924-25లో కేరళలోని వైకోంలో జరిగిన సత్యాగ్రహం గుడి చుట్టూ ఉన్న రోడ్ల కోసమే. కడప అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ప్రజా రహదారులు, బావులు అంటరానివారికి తెరవాలని తీర్మానం పెట్టి నెగ్గించారు. దేశంలో తొలి కాంక్రీట్ రోడ్డును 1914లో అదే మద్రాసు నగరంలో వేసినట్లు రోడ్డు ఇంజనీర్లు చెప్పుకుంటారు. అంటే కాంక్రీట్ వచ్చిన పదేళ్లకు గానీ, దారిన నడిచే హక్కు కాగితం మీదికైనా రాలేదు. చివరికి రాజ్యాంగం 15(2) అధికరణంలో బావులు, చెరువులతో పాటు రోడ్లను కూడా పేరు పెట్టి రాయాల్సి వచ్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దారికి అడ్డం పడటాన్ని నేరంగా చేర్చింది. రోడ్డు మామూలు సౌకర్యమే అయితే ఇన్ని చట్టాలు ఎందుకు?

రాయి ఎవరిది, పని ఎవరిది

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల నేలంతా సున్నపురాయి. ఇంటి గచ్చుకు పరిచే కడప నాపరాయి ఇక్కడిదే. జమ్మలమడుగు మండలంలో ఒక ఊరి పేరే సున్నపురాళ్లపల్లె. ఈ రాయిని నమ్ముకొనే ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం, మైలవరం వైపు సిమెంటు కర్మాగారాలు లేచినాయి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం 1994లో విద్యుత్తు మొదలుపెట్టింది. అలాంటి కేంద్రాల బొగ్గు బూడిదను కలిపే సిమెంటు తయారవుతుంది. ఉక్కు మాత్రం శంకుస్థాపనల దగ్గరే ఆగింది. 2007 నుంచి 2023 దాకా జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి వేర్వేరు ప్రభుత్వాలు పదే పదే రాయి వేసినాయి. అందులో 2019 డిసెంబరు 23 నాటిది సున్నపురాళ్లపల్లెలోనే.

ఎర్రగుంట్లలో ప్రభుత్వ రంగ సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం ఉండేది. 1990ల చివర అది ప్రైవేటు చేతికి పోయింది. ప్రభుత్వ రంగం అంటే రిజర్వేషన్ ఉద్యోగం. అది పోయాక దళితునికి మిగిలింది కాంట్రాక్టు కూలి: క్వారీ దుమ్ము, బస్తా మోత, రోడ్డు పనిలో తట్ట. సిమెంటులోని క్షారం తడి చేతులను తింటుంది, వేళ్ల సందులు పుండ్లు పడతాయి. తొడుగుల్లేకుండా కాంక్రీట్ తట్టలందించేది ఎక్కువగా ఆడకూలీలే. కొలతల పుస్తకంలో క్యూబిక్ మీటర్లుంటాయి, ఈ చేతులుండవు.

పలక కింద ఏముంది?

తారు రోడ్డు బరువును పొర పొరగా కిందికి దించుతుంది. కాంక్రీట్ పలక బిరుసుది, తానే వంగి బరువును వెడల్పుగా పంచుతుంది. చక్రం పలక అంచునా మూలనా ఎక్కినప్పుడు ఒత్తిడి ఎక్కువని 1926లోనే వెస్టర్‌గార్డ్ లెక్క కట్టి చూపినాడు. కింద నేల కదిలితే పలక గాలిలో వేలాడుతుంది, అప్పుడు ఎంత మంచి సిమెంటైనా పగులుతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పొలాల్లో నల్లరేగడి విస్తారం. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుచేత రేగడిని తోడి గరుసు పోసి, తడిపి రోలరుతో తొక్కించి, పక్క కాలువ తీసి, ఆ మీదనే పలక పోయాలి. ఊరి పల్లంలో, మురుగు దిగే వైపున ఉండే వాడకు ఈ పని మరీ అవసరం. కాని మొదట ఎగ్గొట్టేదీ ఇదే, ఎందుకంటే కాంక్రీట్ పడ్డాక కిందిది ఎవరికీ కనపడదు.

కమ్మీ వేస్తే పగలదనేది ఇంకో అపోహ. పలకలో కమ్మీ పగులును ఆపదు, పగిలిన చోటు నోరు తెరవకుండా పట్టి ఉంచుతుంది. పల్లె రోడ్లు సాధారణంగా కమ్మీ లేనివే, తప్పు కూడా కాదు. కాకపోతే అప్పుడు అతుకుల మీదే భారం. తక్కువ బండ్లు తిరిగే రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన సూచనల ప్రకారం రెండున్నర నుంచి నాలుగు మీటర్లకొక అతుకు ఉండాలి. పలక మందంలో మూడో వంతో నాలుగో వంతో లోతున సకాలంలో గాటు పెడితే పగులు ఆ గీత కిందనే దాక్కుంటుంది. గాటు పెట్టకపోతే పగులు తనకిష్టమొచ్చిన చోట వస్తుంది.

ఇక నీళ్లు. కాంక్రీట్ ఆరితే గట్టిపడేది కాదు, తడిలో గట్టిపడేది. మడులు కట్టో, గోనెపట్టలు పరిచో కనీసం పద్నాలుగు రోజులు తడపాలి. బూడిద కలిసిన సిమెంటు మెల్లగా బలం పుంజుకుంటుంది కాబట్టి దానికి తడి ఇంకా ముఖ్యం. తాగే నీళ్లకు బిందెలు వరుసలో పెట్టే వాడలో, సీమ ఎండాకాలంలో, రోడ్డుకు నీళ్లు ఎవరు పడతారు? అంచనాలో ఆ నీళ్ల ఖర్చు రాసుకున్నవాడే పట్టాలి. అడగకపోతే పట్టడు.

డబ్బు ఎవరి పేరున?

1979-80 నుంచి ప్రత్యేక అంశ ప్రణాళిక, 1989 నుంచి జవహర్ రోజ్‌గార్ యోజన, 2013లో ఉప ప్రణాళిక చట్టం (2023లో మరో పదేళ్లు పొడిగించినారు) వచ్చాయి. దళితుల పేరున వచ్చే డబ్బుకు సిమెంటు రోడ్డు సులువైన దారి అయింది. భూమి కొనిస్తే భూస్వామితో తగువు, చదువు చెప్పిస్తే ఫలితానికి ఇరవై ఏళ్లు. రోడ్డయితే మూణ్ణెల్లలో ఫలకం వేయొచ్చు. సీమ ముఠా రాజకీయాల్లో సారా పాటల పక్కన సివిల్ కాంట్రాక్టులు కూడా నాయకుని బలగాన్ని పోషించినాయి. పులివెందుల ముఖ్యమంత్రి నియోజకవర్గమైన 2004-09 కాలంలో పట్టణ రోడ్లు వెడల్పయినాయి, ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. ఆ అభివృద్ధిని కాదనలేం. కాని వెడల్పయిన ప్రధాన రహదారిని చూసి వాడ సందును లెక్కగట్టకూడదు.

ఉపాధి హామీ లెక్క ఇంకా విచిత్రం. 2005 చట్టం ఖర్చులో కూలికి కనీసం 60, సామగ్రికి గరిష్ఠంగా 40 శాతమంది. ఆంధ్రలో పల్లె సిమెంటు రోడ్లు పెద్దఎత్తున ఆ 40 నుంచి పడ్డాయి. అంటే ఎండలో మట్టి తవ్విన కూలీ పనిదినాలే ఊరి రోడ్డుకు పెట్టుబడి. 1877లో కూలీ రాయి కొట్టి బాట వేసినాడు. ఇప్పుడు కూలీ పనిదినాలు లెక్కకట్టి ఊరికి రోడ్డు వేసినారు. ఆ రోడ్డు ముందు ఏ వీధికి పడాలో చెప్పే మాట మాత్రం కూలీకి రాలేదు.

బాగోగులు

రోడ్డు వేయడానికి పద్దు ఉంటుంది, కాపాడడానికి ఉండదు. అతుకుల్లో తారు నింపాలి, అంచుల పక్కన గరుసు కొట్టుకుపోతే మళ్లీ పోయాలి, విరిగిన పలకను నిలువునా కోసి పూర్తి లోతున తిరిగి పోయాలి. నీళ్ల పైపు కోసం రోడ్డు పగలగొట్టే అవస్థ రాకుండా ముందే అడ్డంగా గొట్టాలు పెట్టాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. వీటికి బదులు పాత రోడ్డు మీదే కొత్త పొర పోస్తే వీధి గడప కంటే ఎత్తవుతుంది, వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. కాలువ లేని రోడ్డు మురుగును ఎత్తిపోసేది మళ్లీ దళిత పారిశుధ్య కార్మికుడే.

నడిచే హక్కు కోసం మన తాతలు కొట్లాడినారు. నిలిచే దారి కోసం కొట్లాట మన వంతు. అంచనా ప్రతి, కొలతల పుస్తకం వాడ మనుషుల చేతికి రావాలి. గరుసు ఎంత లోతు పోసినారో కాంక్రీట్ పడకముందే వాళ్లే కొలవాలి. కాలువ లేని అంచనాను గ్రామసభలోనే తిప్పి పంపాలి. రాయి కొట్టినవాడు కొలబద్ద పట్టుకున్న రోజునే ఈ రోడ్డు చరిత్ర మారుతుంది.