కర్మాగారంలో ఒక కంఠస్వరం

1987 ఆగస్టులో బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఒక పాట అయిదు వారాలపాటు అక్కడినుంచి కదలలేదు. ఆ యేడు ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ రికార్డు కూడా అదే. పాట పేరు ‘నెవర్ గొన్నా గివ్ యూ అప్’. పాడినవాడు రిక్ ఆస్ట్లీ, వయస్సు ఇరవై ఒకటి. ఆ నిండైన మంద్రస్వరాన్ని రేడియోలో విన్నవారిలో చాలామంది ఎవరో నల్లజాతి అమెరికన్ గాయకుడు పాడుతున్నాడనుకున్నారట. టీవీలో చూస్తే ఎర్రజుట్టుతో, పాలబుగ్గలతో ఒక కుర్రవాడు కనిపించాడు.

ఆస్ట్లీ 1966లో ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, న్యూటన్-లె-విల్లోస్ అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. బాల్యంలో చర్చి బృందగానంలో పాడాడు. ఆపై స్థానిక బృందాలలో మొదట డ్రమ్ములు వాయించి, తరువాత గాయకుడయ్యాడు. 1985లో నిర్మాత పీట్ వాటర్‌మన్ అతని పాట విని, లండనులోని తన స్టూడియోకు రప్పించుకున్నాడు. వెళ్ళగానే మైకు దక్కలేదు. టేపులు అమర్చడం, అందరికీ టీలు అందించడం అతని పనులు. పెద్దలు పాటను ఎలా కడుతున్నారో చూస్తూ నేర్చుకోవడమే అతని గురుకులవాసం.

స్టాక్, ఐట్కెన్, వాటర్‌మన్ అనే ఆ ముగ్గురి స్టూడియోను జనం ‘హిట్ ఫ్యాక్టరీ’ అనేవారు. రచన, బాణీ వారివే. సింథసైజర్లతో, డ్రమ్ యంత్రాలతో వాద్యసంగీతం కూర్చేదీ వారే. గాయకుడు వచ్చి గొంతు కలిపితే పాట పూర్తి. కైలీ మినోగ్ వంటివారు ఆ పద్ధతిలోనే వెలుగులోకి వచ్చారు. అందువల్ల ఆస్ట్లీని కూడా కీలుబొమ్మగా కొట్టిపారేసిన విమర్శకులున్నారు. 1988లో అతని పాటలు రెండు అమెరికాలో అగ్రస్థానం పొందినా ఆ మాట పోలేదు. అతను స్వయంగా రాసిన ‘షీ వాంట్స్ టు డాన్స్ విత్ మీ’ రెండు దేశాలలోనూ మొదటి పదింటిలో నిలిచిందన్న సంగతిని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఆ ముద్ర చెరుపుకోవడానికే కాబోలు, ఆ ముగ్గురినుంచీ విడిపోయి 1991లో ‘ఫ్రీ’ అనే ఆల్బం వెలువరించాడు. ‘స్వేచ్ఛ’ అని అర్థమిచ్చే ఆ పేరు యాదృచ్ఛికమని నేననుకోను. అందులోని ‘క్రై ఫర్ హెల్ప్’ మళ్ళీ రెండు దేశాలలోనూ మొదటి పదింటిలోకి చేరింది. అయినా 1993లో, ఇరవై యేడవ యేట, కీర్తి వ్యాపారంతో విసిగి, పసికూన అయిన కూతురితో గడపడానికి రంగంనుంచి తప్పుకున్నాడు.

2007లో అంతర్జాల చిలిపివారు ఏదో ఆశ చూపి లంకె నొక్కించి, తీరా ఆ 1987 నాటి పాటను వినిపించే ఆట మొదలుపెట్టారు. లోకం నవ్వింది, అతనూ నొచ్చుకోలేదు. 2016లో, యాభై యేళ్ళ వయస్సులో, తానే రాసి, వాద్యాలన్నీ తానే వాయించి, ‘50’ అనే ఆల్బం చేశాడు. అది బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందింది.

ఎనభైలలో అతని విజయమంతా కర్మాగారం లెక్కలో జమ అయింది. గొంతు మాత్రం మొదటినుంచీ అతనిదే. ఆ మాట లోకం ఒప్పుకోవడానికి దాదాపు ముప్ఫై యేళ్ళు పట్టింది.