తెరమీద తారామతి, తెరవెనుక సరస్వతీబాయి

స్వల్పవ్యయంతో చలనచిత్రం తీయడమెలాగన్న ప్రశ్నకు మన దేశంలో తొలినాళ్ళలోనే చేసి చూపించి సమాధానం చెప్పినవాడు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. ఆయన తీసిన మూకీ చిత్రం ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న బొంబాయిలోని కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో విడుదలైంది. నిడివి సుమారు 3,700 అడుగులు.

గౌరన ద్విపదను ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన నాబోటివాడికి ఈ కథ కంఠస్థమే. మన చంద్రమతి అక్కడ తారామతి. మన లోహితాస్యుడు రోహిదాసు. కథకన్న ఆ చిత్రనిర్మాణపు జమాఖర్చులే నన్నెక్కువ ఆలోచింపజేశాయి.

ఫాల్కే 1912లో జీవితబీమా పత్రాలు కుదువబెట్టి లండన్ వెళ్ళాడు. విలియమ్సన్ కెమెరా కొన్నాడు. సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని చూసి నేర్చుకొన్నాడు. తిరిగివచ్చాక ఒక్కసారిగా పెద్ద చిత్రానికి దిగలేదు. కుండీలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి తీగసాగడాన్ని రోజురోజూ చిత్రించి, ఆ చిన్న చిత్రం చూపించి పెట్టుబడి సంపాదించాడు. చేతిలో ఉన్నదానితో ముందు నమ్మకం కలిగించాలన్నది ఇందులోని మొదటి పాఠం.

దాదర్‌లోని నివాసమే ఆయనకు స్టూడియో. కెమెరా పనిని స్నేహితుడు త్ర్యంబక్ తెలంగ్‌కు తానే నేర్పాడు. రోహిదాసుగా తన కొడుకు భాలచంద్రుడే నటించాడు. తారామతి వేషానికి స్త్రీలెవరూ ముందుకు రాకపోగా, ఒక హోటల్లో వంటచేసే సాళుంకేను ఎంచుకొన్నాడు. ఉన్న ఇల్లు, అయినవాళ్ళు, దొరికిన మనిషి: ఇది రెండవ పాఠం.

ఇక మూడవది. ఫాల్కే భార్య సరస్వతీబాయి నగలు కూడా ఈ పనికే తాకట్టుకు వెళ్ళాయి. అప్పట్లో ముడి ఫిలిం అంచులకు రంధ్రాలు లేకుండానే వచ్చేది. రాత్రివేళ చీకటిగదిలో కూర్చుని ఆ రంధ్రాలు వేసింది ఆమె. పగలు ఎండను నటుల ముఖాలమీదికి మళ్ళించడానికి తెల్లదుప్పట్లు పట్టుకొని నిలబడింది ఆమె. అరవై డెబ్బైమంది బృందానికి వండి వడ్డించింది, వాళ్ళ దుస్తులు ఉతికింది కూడా ఆమే.

ఫాల్కే ఆమెను బలవంతపెట్టాడని నేననను. ఆ విద్య ఆమెకు నేర్పినవాడు ఆయనే. ఇష్టపడి చేసిందనే చెబుతారు. అయినా ఒక మాట అడగాలి. కాశీ వీథిలో హరిశ్చంద్రుడు ఆలిని అమ్మినప్పుడు ఆమెకొక వెల పలికింది. ఈ ఇల్లాలి కష్టానికి వెల కట్టినవారెవరు? 1969 నుంచి ఫాల్కే పేరిట కేంద్రప్రభుత్వం పురస్కారం ఇస్తున్నది. సరస్వతీబాయి పేరు మనలో ఎందరికి తెలుసు?

తక్కువ ఖర్చు అన్నదానిలో చాలాభాగం ఎవరో జీతం లేకుండా చేసిన చాకిరీయే. కాబట్టి చిత్రం తీయబోయే చిరంజీవులకు ఈ వృద్ధుడు చెప్పేది ఒక్కటే. మీ లెక్కల పుస్తకంలో డబ్బివ్వలేని పనులకూ ఒక పుట కేటాయించండి. అన్నం పెట్టిన అమ్మ పేరు, ఇల్లు ఇచ్చిన మిత్రుని పేరు అందులో రాసుకోండి. చిత్రం పూర్తయ్యాక ఆ పేర్లన్నీ తెరమీద వేయండి. దానికి అయ్యే ఖర్చు స్వల్పాతిస్వల్పం.