కొలిమి మిగిల్చిన కంకర

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సంబరమంతా ఇనుము గురించే. కానీ కొలిమి ఇనుము ఒక్కటే ఇవ్వదు. నందిని గనుల సున్నపురాయి రాజహరా ఇనుప ఖనిజంలోని మలినాలను పట్టుకుని స్లాగ్‌గా, అంటే చిట్టెంగా, పైకి తేలుతుంది.

దానికి సిమెంటు దారి చూపింది. సలసల కాగే స్లాగ్ మీద నీళ్లు జోరుగా కొడితే అది ఇసుకలా గింజకడుతుంది. ఆ గింజలు పక్కనే, 1965లో మొదలైన జాముల్ ఏసీసీ కర్మాగారంలో సిమెంటుగా మారాయి.

ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్ మాత్రం మొండి సరుకు. రోడ్డు కింద పరిస్తే, అందులో మిగిలిపోయిన సున్నం తడి తగిలి ఉబ్బి, పైనున్న తారును పగలగొడుతుంది. అందుకే దాన్ని నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేస్తారు. ఆ ఓపిక ఉంటే కొండ తొలవకుండానే గట్టి కంకర దొరుకుతుంది. ఇంత మేలైన సరుకును గుట్టలుగా పోసి ఉంచడం నిజంగా నష్టమే.

స్లాగ్‌తో రోడ్డు వేయడం కొత్తేమీ కాదు. రోమన్లు దక్షిణ ఇంగ్లండ్‌లో ఇనుప చిట్టెంతో బాటలు వేశారు. మన దేశంలో 2022లో సూరత్ దగ్గరి హజీరాలో, కేంద్ర రహదారి పరిశోధన సంస్థ (సీఆర్‌ఆర్‌ఐ) పర్యవేక్షణలో, సుమారు లక్ష టన్నుల ఉక్కు స్లాగ్‌తో ఆరు వరుసల రోడ్డు సిద్ధమైంది.