పిండి, పంచదార, మందుబిళ్ళ: ఒక దుమ్ము కథ

అన్ని వైపులా ఒక్కొక్క సెంటీమీటరు ఉన్న పంచదార బిళ్ళ ఒకటి ఊహించుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే బిళ్ళని 10 మైక్రానుల ఘనాలుగా నలిపితే వంద కోట్ల నలుసులవుతాయి. వాటి ముఖాలన్నీ కూడితే 6,000 చదరపు సెంటీమీటర్లు. పంచదార ఒక్క పలుకు కూడా పెరగలేదు. గాలికి తగిలే మేర మాత్రం వెయ్యి రెట్లు పెరిగింది.

పొడుల పరిశ్రమ అంతా ఈ చిన్న లెక్క మీదే నడుస్తోంది. సిమెంటు గట్టిపడేదీ, పంచదార పొడి నాలిక మీద ఇట్టే కరిగేదీ ఇందువల్లే. చిక్కేమిటంటే, నిప్పుకి కూడా ఈ లెక్క బాగా తెలుసు. మొద్దు అంటుకోవాలంటే కింద చితుకులు పేర్చి ఊదాలి. అదే కట్టె మెత్తని పొట్టయి, మూసిన గదిలో గాలి నిండా లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. అది మండడం కాదు, పేలడం.

ఈ సంగతి మొదటిసారి వివరంగా రాసిపెట్టినది ఇటలీలోని ట్యూరిన్ నగరంలో. 1785 డిసెంబరు 14న అక్కడ ఒక రొట్టెలవాడి పిండి గిడ్డంగి పేలింది. ఒక కుర్రవాడు దీపం వెలుగులో పిండి తోడుతున్నాడు. కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు. కౌంట్ మొరోజ్జో విచారించి, వానలు లేక పిండి మరీ పొడిగా ఉందనీ, లేచిన పిండిదుమ్ముకి దీపం అంటుకుందనీ తేల్చాడు.

ఆ పాఠం మిల్లులవాళ్ళకి చేరడానికి చాలా కాలమే పట్టింది. అమెరికాలోని మినియాపోలిస్‌లో తెల్లటి పిండికి గిరాకీ పెరిగి, తవుడుని గాలితో ఎగరగొట్టే యంత్రాలు పెట్టారు. పిండి తెల్లబడింది, మిల్లులో దుమ్ము పెరిగింది. 1878 మే 2న వాష్‌బర్న్ ఎ మిల్లు పేలి, పక్క మిల్లుల్ని కూడా కూల్చి, 18 మందిని పొట్టనబెట్టుకుంది. మళ్ళీ కట్టినప్పుడు దుమ్ముని లాగేసే ఏర్పాట్లు చేశారు.

జార్జియా రాష్ట్రంలోని పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఒక పంచదార కర్మాగారం ఉంది. పంచదారలో మురికి పడకూడదని 2007లో అక్కడి కన్వేయరుకి ఉక్కు మూతలు బిగించారు. అంతవరకూ గదిలోకి చెదిరిపోయే దుమ్ము ఆ మూతల లోపలే చిక్కబడింది. 2008 ఫిబ్రవరి 7న పేలింది. మొదటి పేలుడు ఆ ఒక్కచోటే. ఆ అదురుకి దూలాల మీదా నేల మీదా పేరుకున్న దుమ్ము లేచి, పేలుడు మీద పేలుడుగా భవనమంతా పాకింది. 14 మంది చనిపోయారు. శుభ్రత కోసం పెట్టిన మూతే ముప్పు తెచ్చింది.

ఇక మందుబిళ్ళ. రక్తపోటుకి వేసుకునే కొన్ని బిళ్ళల్లో అసలు మందు 5 మిల్లీగ్రాములే ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకునేటట్టు చేసేవి మందు కాని పొడులే. వాటిలో ముఖ్యమైనది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్కగుజ్జుని ఆమ్లంలో ఉడికించి దీన్ని చెయ్యవచ్చని 1955లో అమెరికన్ విస్కోస్ సంస్థలో ఓర్లాండో బటిస్టా బృందం కనిపెట్టింది. తడిగుజ్జుని వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి ఆరబెడితే, కావలసిన పరిమాణంలో రేణువులు వస్తాయి. ఎంత సాధువైనా దాని పుట్టుక కట్టె పుట్టుకే.

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఈ పొడి తయారుచేసే కర్మాగారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగింది. నలభై మందికి పైగా చనిపోయారు. ఒరిస్సా నుంచీ, బీహారు నుంచీ, ఉత్తరప్రదేశ్ నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు వారిలో ఎందరో. కొందరి శరీరాలని డీఎన్ఏ పరీక్షలతో గుర్తించవలసి వచ్చింది. కారణం తేల్చే పని విచారణ సంఘాలది. కాని పరాయిచోట పని వెతుక్కున్న మనలాంటివాళ్ళకి ఆ ఊళ్ళ పేర్లు చదువుతుంటే, ఫోను కోసం ఎదురుచూసిన ఇళ్ళు కళ్ళముందు మెదులుతాయి.

దుమ్ము విషయంలో అమెరికా అగ్నిరక్షణ ప్రమాణాల్లో చాలాకాలం వాడిన కొలత ఒకటుంది: అంగుళంలో 32వ వంతు. కాగితాలకి పెట్టే క్లిప్పు తీగ మందం. అంత పొర గది నేలలో ఇరవయ్యో వంతు మేర పరుచుకుంటే చాలు, ఊడ్చేదాకా ఆ గదిని ప్రమాదస్థలంగానే చూడాలి. ఆ కొలత చూడడానికి పరికరమేమీ అక్కరలేదు. దూలం మీద వేలు పెట్టి గీస్తే చాలు. ఆ గీత చూసి యంత్రం ఆపే అధికారం, చీపురు పట్టిన మనిషికి ఉండాలి.